అరువు చెవి

చిన్నప్పుడు కుక్కర్ కూత వేసినా మంచం కిందికి దూరేదని అన్నయ్య ఆమెకు కుందేలు అని పేరు పెట్టాడు. పెద్దదైంది, చదువుకుంది, ఉద్యోగంలో చేరింది. ఆ పేరూ పోలేదు, ఆ భయమూ పోలేదు. లిఫ్టంటే భయం. ఫోన్ మోగితే భయం, మోగాల్సిన ఫోన్ మోగకపోతే ఇంకా భయం. "ఏ పిచ్చుక గుండెనో పొరపాటున దీనికి పెట్టేశారు" అనేవాడు అన్నయ్య.

అతను అందుకు పూర్తిగా తిరగేసిన మనిషి. కంటైనర్ యార్డ్‌లో సిగ్నల్ చూపించే పని అతనిది. పైన క్రేన్, దానికి వేలాడుతూ ఇల్లంత ఇనప్పెట్టె, కింద తల పైకెత్తి చేతులతో సైగలు చేస్తూ అతను. చుట్టూ ఫోర్క్‌లిఫ్టులు ముందుకీ వెనక్కీ బీప్ బీప్ అంటూ తిరుగుతుంటాయి. కళ్లు పైనుండే పెట్టె మీదే ఉండాలి కాబట్టి, కింద ఏ బండి ఎటునుంచి వస్తోందో చెవులతోనే చూసుకునేవాడు. వెనక్కి తిరగకుండానే ఒక అడుగు పక్కకి వేసేవాడు, బండి అతన్ని రాసుకుంటూ పోయేది. అమ్మా నాన్నా పోయాక కుందేలుకి కొండంత అండ అతనే. పెళ్లయి వదిన వచ్చాక రెండు కొండలయ్యాయి.

ఒకరోజు యార్డ్‌లో పెట్టెకి బిగించిన ఇనప తాడు తెగింది. తెగిన కొస కొరడాలా వచ్చి అన్నయ్య ఎడమ చెవిడొప్పని ఊడ్చుకుపోయింది. ఇంకో బెత్తెడు ఇటు వచ్చుంటే మనిషే ఉండేవాడు కాదు. గాయం మానింది. చెవి ఉండాల్సిన చోట ముడుచుకున్న చర్మమూ, మధ్యలో చిన్న రంధ్రమూ మిగిలాయి. లోపల మాత్రం అంతా భేషుగ్గా ఉందన్నారు.

"పోతే పోయింది, కళ్లజోడు పెట్టుకోవడానికే కదా ఇబ్బంది" అని నవ్వాడు అన్నయ్య. ఇంట్లో అందరూ నవ్వారు. కుందేలు కూడా నవ్వింది కానీ, ఆ నవ్వు గొంతు దాటి రాలేదు.

ఆమె పనిచేసేది ఒక కాలేజీలో, వినికిడి మీద పరిశోధన చేసే లాబ్‌లో. శబ్దాలని కంప్యూటర్ మీద కోసి, అతికించి, పరీక్షలకి సిద్ధం చెయ్యడం ఆమె పని. కాబట్టి చెవిడొప్ప కళ్లజోడు తగిలించుకునే మేకు కాదని ఆమెకు తెలుసు. శబ్దం ముందునుంచి వచ్చిందా, వెనకనుంచా, పైనుంచా అని మెదడుకు చెప్పేది ఆ డొప్పలోని గుంటలూ మడతలే. కానీ ఆ మాట నోటితో అంటే నిజమైపోతుందేమోనని ఊరుకుంది.

ఒక సాయంత్రం వదిన ఆమెని వంటింట్లోకి లాగి, కుళాయి తిప్పింది. నీళ్ల చప్పుడులో మాట బయటికి పోదని.

"మీ అన్నయ్య సంగతి నీకేమైనా తేడాగా అనిపిస్తోందా?"

"ఏం వదినా?" అంది కుందేలు. 

"ఇవాళ రోడ్డు దాటుతున్నాం. వెనకనుంచి వ్యాన్ హారన్ కొట్టింది. ఈయన ముందుకి చూసి, అదేదో ఎదురుగా వస్తున్నట్టు వెనక్కి అడుగేశారు. సరిగ్గా దాని మీదికే! నేను చొక్కా పట్టుకుని లాగాను, గుండీలు తెగాయి. ఏంటండీ ఇది అంటే, పరధ్యానంలో ఉన్నా అన్నారు. మీ అన్నయ్యకి పరధ్యానమేంటే?"

కుందేలు కుళాయి ఇంకాస్త తిప్పింది. "డ్యూటీకి ఎప్పుడు వెళ్తాడు?"

"కంపెనీ డాక్టరు చూడ్డమే ఆలస్యం. ఈయనకి ఇంట్లో కూర్చుంటే ఒళ్లంతా తేళ్లూ జెర్రులూ పాకుతున్నట్టుందట."

కంపెనీ డాక్టరు చెడ్డవాడు కాదు. తలకి హెడ్‌ఫోన్స్ పెట్టి, సన్నగా కూతలు వినిపించి, వినపడినప్పుడల్లా చెయ్యెత్తమన్నాడు. అన్నయ్య ప్రతిదానికీ చెయ్యెత్తాడు. వినికిడి కుర్రాడికున్నట్టుందని మెచ్చుకుని, పనికి ఫిట్ అని రాసేశాడు. వినపడుతోందా అని అడిగాడు గానీ, ఎటునుంచి అని అడగలేదు. అడగాలని ఆయనకి ఎవరూ చెప్పలేదు.

మర్నాడు కుందేలు అన్నయ్యని బతిమాలి లాబ్‌కి తీసుకెళ్లింది. చుట్టూ స్పీకర్లున్న గదిలో కళ్లకి గంతలు కట్టి, కుర్చీలో కూర్చోబెట్టింది. ఒక్కో స్పీకర్‌లోంచి చిన్న చప్పుడు, ఎటునుంచో చేత్తో చూపించాలి. కుడివైపు చప్పుళ్లకి బాణంలా చూపించాడు. ఎడమవైపు మొదలవగానే చెయ్యి తడబడింది. వెనక మోగితే ముందు చూపించాడు, ముందు మోగితే పైకి చూపించాడు. గంతలు విప్పినప్పుడు అతని నుదురంతా చెమట.

"మీ స్పీకర్లు దండగే" అన్నాడు. ఆమె కళ్లలోకి మాత్రం చూడలేదు.

లాబ్‌ని నడిపే మేడమ్ ఆ ఫలితాలు చూసి, కాసేపు పెన్ను మూత కొరుకుతూ కూర్చుంది. "కృత్రిమ చెవి పెట్టించొచ్చు. కానీ ఖర్చు పెట్టాల్సిన మీ అన్నయ్య కంపెనీవాళ్లు అది అందం కోసమంటారు, అవసరం లేదంటారు. చెవి ఆకారం తిరిగొస్తే దిక్కు కూడా తిరిగొస్తుందని ముందు మనం చూపించాలి."

"చెవి లేకుండా ఎలా చూపిస్తాం మేడమ్?"

"వేరేవాళ్ల చెవి అరువు తెచ్చుకుందాం."

అదేమీ హాస్యం కాదు. కొన్ని పరిశోధనశాలల్లో ప్రతిధ్వని లేని గదులుంటాయి. అక్కడ మనుషుల్ని కూర్చోబెట్టి, చెవి రంధ్రాల దగ్గర గింజంత మైకులు పెట్టి, అన్ని దిక్కుల నుంచీ శబ్దాలు వినిపిస్తారు. ఒక్కో దిక్కునుంచి వచ్చే శబ్దాన్ని ఆ మనిషి తలా, భుజాలూ, చెవిడొప్పలూ ఎలా మలిచాయో కొలిచిపెడతారు. లాబ్ భాషలో దాన్ని హెచ్‌ఆర్‌టీఎఫ్ అంటారు. ఆ కొలతలతో ఏ చప్పుడునైనా వండి హెడ్‌ఫోన్స్‌లో వినిపిస్తే, వినేవాడు ఆ మనిషి చెవులతో విన్నట్టే. కొందరు ఆ కొలతలని ఎవరైనా వాడుకోండని ఇంటర్నెట్‌లో పెడతారు. హెడ్‌ఫోన్స్‌కి సొంత చెవిడొప్పతో పనిలేదు కాబట్టి, అన్నయ్య పోగొట్టుకున్న చెవిలాంటిది అందులో దొరికితే, అతనికి మళ్లీ దిక్కులు తెలియొచ్చు. తెలియకపోనూ వచ్చు.

కుందేలు వెతకడం మొదలుపెట్టింది. బయటినుంచి చూసేవాళ్లకి అది ఏసీ గదిలో కూర్చుని చేసే పని. ఆమెకు మాత్రం కాళ్ల కింద నేల కదులుతున్నట్టుండేది. డ్యూటీలో చేరే రోజు దగ్గరపడుతోంది. ఒకచోట లింకు నొక్కితే పేజీయే లేదు. ఆ లాబ్ మూసేసి ఎన్నాళ్లయిందో! ఇంకోచోట కొలతలున్నాయి గానీ అవి మనిషివి కావు, బొమ్మ తలవి. మరోచోట కావాలంటే అనుమతి అడగమన్నారు. అడిగింది, జవాబు లేదు. ఒకటి దొరికిందని సంబరపడి తీరా తెరిచి చూస్తే, వెనక దిక్కులు కొలవనేలేదు. ఆమెకు కావలసింది వెనకే.

చివరికి ఒకటి దొరికింది. పాతదే, కానీ పుష్కలంగా మనుషులున్నారు. అన్నిటికన్నా మేలు, ఒక్కొక్కరి చెవిడొప్ప పొడవూ వెడల్పూ గుంట లోతూ కూడా కొలిచిపెట్టారు. పేర్లు లేవు, నంబర్లే.

ఇంటికొచ్చి అన్నయ్య మిగిలిన చెవి ముందు స్కేలు పట్టుకుని కూర్చుంది. అద్దంలో తిప్పి చూస్తే పోయిన చెవి దాదాపు అదే కదా!

"ఏమే, బట్టలు కుట్టే దర్జీని చూశాను గానీ చెవులు కుట్టే దర్జీని చూళ్లేదు" అన్నాడు అన్నయ్య.

"కదలకు."

"కొంచెం వదులుగా కుట్టవే, పెరుగుతా."

వదిన పక్కున నవ్వి, మధ్యలోనే ఆపేసి, లోపలికి వెళ్లిపోయింది.

కొలతలు కలిపి చూస్తే, ఆ నంబర్ల మనుషుల్లో ఒకడి చెవి అన్నయ్య చెవికి కవలలా ఉంది. ఎవరో ఏమో, ఎప్పుడో ఏ గదిలోనో ఓపిగ్గా కూర్చున్నవాడు. కుందేలు ఆ కొలతలతో చప్పుళ్లన్నీ తయారుచేసింది. ముందు తనే విని చూసుకుంది. ఆమె చెవులు చిన్నవి, ఆ మనిషివి చేటలు. అందుకే ముందూ వెనకా కలగాపులగంగా వినిపించాయి. పరాయి చెవులతో వింటే ఎవరికైనా అంతేనని తెలుసు కాబట్టి పట్టించుకోలేదు.

అన్నయ్య మళ్లీ వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. ఈసారి హెడ్‌ఫోన్స్. మొదటి చప్పుడుకే ఉలిక్కిపడి తల వెనక్కి తిప్పాడు. "ఎవరో వెనకున్నారే!" అన్నాడు. గొంతులో ఏదో వెలుగు. ఆ తర్వాత ఒక్కోదానికీ గబగబా జవాబు చెప్పాడు. వెనక, వెనక, ముందు, పైన, వెనక. తడబాటే లేదు.

కుందేలు తెర మీద చూసుకుంటోంది. అతను వెనక అన్న ప్రతిచోటా కంప్యూటర్ ముందు అని చూపిస్తోంది. ముందు అన్నచోట వెనక అంటోంది. పైన అన్నవి తప్ప ఒక్కటీ కలవడం లేదు. 

"ఎలా చెప్పానే?" అన్నాడు, హెడ్‌ఫోన్స్ తీసి. పరీక్ష బాగా రాసొచ్చిన పిల్లాడిలా ఉన్నాడు.

ఆమెకు అబద్ధం చెప్పడం చేతకాలేదు. "తప్పాయి అన్నయ్యా."

"ఎన్ని?"

"ముందూ వెనకా అన్నీ."

అతను హెడ్‌ఫోన్స్‌ని బల్ల మీద, గుడ్లని దించినంత జాగ్రత్తగా పెట్టాడు. "అంటే పోయింది చెవి కాదన్నమాట. బుర్రే" అన్నాడు. "సరేలే. ఇన్నాళ్లూ నీ మాట వింటూ కూర్చున్నా. రేపట్నుంచి డ్యూటీకి పోతా. కళ్లున్నాయిగా, చూసుకుంటా."

"వద్దన్నయ్యా, నీకు దణ్ణం పెడతాను!"

"ఊరుకోవే. నీ భయం నాకు అంటించకు."

ఆ మాట ఎన్నడూ అనలేదతను. కుందేలుకి చెంప చెళ్లుమన్నట్టయింది.

మర్నాడు పొద్దున అతను యార్డ్‌కి వెళ్లిపోయాడు. ఆమె లాబ్‌కి వచ్చి కూర్చుంది.  మనసు ఎక్కడైనా పెట్టాలని, ఆ కొలతలతో పాటు ఇచ్చిన వివరాల పేజీ మళ్లీ తెరిచి మొదటినుంచి చదివింది. నిన్నటిదాకా ఆత్రంలో పైపైన చూసిన పేజీ అది. దిక్కులకి అంకెలు ఎలా వేశారో అందులో రాసుంది. అంకెలు ముఖం ముందునుంచి మొదలై, నడినెత్తి మీదుగా, వెనక మెడ వైపు దిగుతాయట.

ఆమె ఇంకోసారి చదివింది. అంతకుముందు చూసిన వేరే కొలతల్లో లెక్క వీపు వైపునుంచి మొదలయ్యేది. అన్నీ అలాగే ఉంటాయనుకుని, దీనికీ అదే లెక్క వేసింది. అంటే తను ముందు అని రాసుకున్నదంతా వెనక. వెనక అని రాసుకున్నదంతా ముందు.

అన్నయ్య చెప్పినవన్నీ ఒప్పు. ఒక్కటీ తప్పలేదు. పైగా తనే అతని మొహం మీద, తప్పని చెప్పి పంపింది.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. అన్నయ్యకి ఫోన్ చేసింది. యార్డ్‌లో ఫోన్లు లాకర్‌లో పెట్టాలి. మోగి మోగి ఆగిపోయింది. వదినకి చేస్తే, "నువ్వెళ్లు, నేను వెనకే వస్తున్నా" అని చెప్పులు వెతుక్కుంటున్న చప్పుడు వినపడింది. లిఫ్టంటే భయపడే మనిషి లిఫ్ట్‌లోనే దిగింది. ఆ సంగతి ఆమెకి తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది. ఆటోలో కూర్చున్నంతసేపూ ఎదురొచ్చే ప్రతి అంబులెన్సునీ అది యార్డ్ నుంచి వస్తోందా అని చూసింది.

గేటు దగ్గర కాపలా మనిషి ఆపాడు. "హెల్మెట్ లేకుండా లోపలికి లేదమ్మా."

"మా అన్నయ్య, సిగ్నల్ చూపిస్తాడు, చెవి లేనాయన..."

"ఆయనా? అదిగో, మూడో సందు. ఇవాళే చేరాడు. పిలిపిస్తాను, ఆగు."

కటకటాల్లోంచి చూసింది. రెండు వైపులా మేడల్లా పేర్చిన ఇనప్పెట్టెలు, మధ్యలో సందు. అన్నయ్య సందు మధ్యలో నిలబడి పైకి చూస్తున్నాడు. ఎక్కడో ఫోర్క్‌లిఫ్ట్ వెనక్కి నడుస్తూ బీప్ బీప్ అంటోంది. ఆ బీప్ ఇనప గోడలకి కొట్టుకుని ఇటూ అటూ ఎగురుతోంది. ఎటునుంచో కుందేలుకి కూడా తెలియలేదు. అంతలో సందు మలుపు దగ్గర ఫోర్క్‌లిఫ్ట్ వెనకభాగం కనపడింది. అన్నయ్య వీపు వైపునుంచి వస్తోంది.

అరవాలనుకుంది. ఆ అరుపు ఎటునుంచో కూడా అతనికి తెలియదు.

అన్నయ్య ఎడమకి చూశాడు, ముందుకి చూశాడు. ఒక అడుగు ముందుకేసి, మళ్లీ వెనక్కి తీశాడు. ఆ తర్వాత ఆగిపోయాడు. రెండు చేతులూ ఛాతీకి దగ్గరగా ముడుచుకుని, భుజాలు పైకి లాక్కుని, కళ్లు గట్టిగా మూసుకుని నిలబడిపోయాడు. దెబ్బ పడుతుందని ఎదురుచూసే పసివాడు అలాగే నిలబడతాడు. తన అన్నయ్య భయపడటం పుట్టి బుద్ధెరిగాక ఆమె మొదటిసారి చూసింది. బండికన్నా ఆ దృశ్యమే ఆమెని ఎక్కువ భయపెట్టింది.

ఫోర్క్‌లిఫ్ట్ అతనికి అరచెయ్యంత దూరంలో కీచుమంటూ ఆగింది. డ్రైవరు అద్దంలో చూసుకున్నాడు కాబట్టి సరిపోయింది. దూకి కిందికొచ్చి, "చెవులు దొబ్బాయా నీకు?" అని అరిచి, అన్న మాట తనకే తగిలి నాలిక్కరుచుకున్నాడు. ఆనక అన్నయ్య భుజం మీద చెయ్యేసి, మెల్లగా నడిపించుకుంటూ గేటు దాకా తీసుకొచ్చాడు.

అన్నయ్య కుందేలుని చూసి ఆశ్చర్యపోలేదు. గేటు పక్క సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాడు. హెల్మెట్ తీసి పక్కన పెట్టాడు.

"ఆసుపత్రి నుంచి వచ్చిన రోజునుంచీ ఇంతేనే" అన్నాడు. "చప్పుడు వినపడుతుంది, ఎక్కడుందో చెప్పదు. ఇంట్లో మీ వదిన వెనకనుంచి పిలిచినా ఒళ్లు జలదరిస్తుంది. ఎవరికి చెప్పుకోను? ఇన్నేళ్లూ నిన్ను చూసి నవ్విన మొహం ఇది."

"అన్నయ్యా, నిన్న నువ్వు చెప్పినవన్నీ కరెక్టే."

అతను తలెత్తాడు.

"లెక్క నేను తిరగేసి వేశాను. నువ్వు వెనక అన్నప్పుడల్లా వెనకే మోగింది. నీ బుర్రకేం కాలేదు. కావలసింది చెవి, అంతే." మాట పూర్తయ్యేసరికి ఆమె ఏడుస్తోంది. "నావల్లే నువ్విక్కడికి..."

అన్నయ్య ఆమెని తిడతాడనుకుంది.  అతను మాత్రం, "అయితే నిన్న వెనకెవరో నిలబడ్డారు అనిపించిందే, అది నిజమేనన్నమాట" అన్నాడు. "ఎంత బాగుందనుకున్నావు! భయమేసింది గానీ, ఎక్కడున్నాడో తెలిసింది. తెలిస్తే ఆ భయం వేరు."

అప్పటికి వదిన ఆటో దిగింది. రెండు చెప్పులూ రెండు జతలవి. ముగ్గురూ ఆ దిమ్మ మీదే, యార్డ్ భోజనాల గంట మోగేదాకా కూర్చున్నారు.

ఆ తర్వాత జరగాల్సినవి నిదానంగా జరిగాయి. మేడమ్ పరీక్షని మళ్లీ మొదటినుంచి చేయించింది, ఈసారి అంకెలు తనే సరిచూసింది. బోసి చెవితో స్పీకర్ల గదిలో ఎలా ఉందో, అరువు చెవితో హెడ్‌ఫోన్స్‌లో ఎలా ఉందో పక్కపక్కన పెట్టి కంపెనీ డాక్టరుకి చూపించింది. ఆయన తనూ హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విని, "నేను ఇది అడగనేలేదు" అన్నాడు. ఫిట్ అన్న మాట కొట్టేశాడు. అన్నయ్యని సందుల్లోంచి తీసి, పైన అద్దాల గదిలో కెమెరాలు చూసే పనిలో వేశారు. అతనికది నచ్చలేదు. "చేపలతొట్టిలో కూర్చోబెట్టారు" అని ఇప్పటికీ సణుగుతాడు.

కృత్రిమ చెవికి కంపెనీ ఒప్పుకునేసరికి వానాకాలం వచ్చింది. చెవి చేసే ఆవిడ కుడి చెవి అచ్చు తీసుకుని, తిప్పి, సిలికాన్‌తో పోసింది. రంగు దగ్గర పేచీ వచ్చింది. లోపలి మడతల దగ్గర మాత్రం కుందేలు పక్కనే నిలబడి, గుంట ఇంకాస్త లోతుండాలని ఆవిడని విసిగించింది. పెట్టుకున్న మొదటి వారం ఏ తేడా లేదు. అన్నయ్య మొహం వేలాడేసుకుని తిరిగాడు, కుందేలు అన్నం మానేసింది. తర్వాత ఒకరోజు అతను పేపరు చదువుతుండగా వదిన వెనకనుంచి పిలిచింది. అతను ఉలిక్కిపడకుండా, నేరుగా వెనక్కి తిరిగి ఏంటీ అన్నాడు. వదిన చేతిలో గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఎందుకు పిలిచిందో మర్చిపోయింది.

పోయినేడాది మేడమ్ వాళ్లని వేరే ఊళ్లో ప్రతిధ్వని లేని గదికి తీసుకెళ్లింది. అన్నయ్య చెవులని కృత్రిమ చెవితో ఒకసారి, తీసేసి ఒకసారి కొలిచారు. అందరూ వాడుకునేలా పెట్టొచ్చా అని అడిగితే, "పెట్టండి. మనం ఒకడిది వాడుకోలేదా?" అన్నాడు. అతనికీ ఇప్పుడు ఒక నంబరుంది.

పూర్తిగా బాగైందని ఎవరూ అనరు. వాన పడ్డప్పుడు గొడుగు మీద చినుకుల మోతలో దిక్కులన్నీ కలిసిపోతాయి. అలాంటి రోజుల్లో రోడ్డు దాటాలంటే అన్నయ్య ఏ సిగ్గూ పడకుండా అంచున ఆగి, చెయ్యి చాస్తాడు. కుందేలు పట్టుకుంటుంది. ఆమె చెయ్యీ వణుకుతూనే ఉంటుంది. బండ్లు ఆగేదాకా నిలబడి, ఇద్దరూ నాలుగు వైపులా చూసుకుని, అప్పుడు దాటతారు.